పైసలు ముట్టినయ్, ప్రశ్నలు మిగిలినయ్

ఈసారి వచ్చిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు అన్నీ ఓట్ల మీదే. పత్తికి పట్టిన పురుగు గురించి అడిగినాయన కూడా చివర్లో ఒక లైను రాజకీయం రాసి పంపాడు. వీలైనన్నింటికి జవాబిస్తున్నా. పార్టీ పేరు రాసి తిట్టమన్నవాళ్లు, ఇంకో పార్టీ పేరు రాసి నన్నే తిట్టినవాళ్లు ఈ వారానికి ఒకరినొకరు తిట్టుకోగలరు.

ప్రశ్న: సార్, మన జనం ఇంత అజ్ఞానులేంటండీ? బిర్యానీ ప్యాకెట్‌కీ, క్వార్టర్ సీసాకీ ఓటేస్తారు. చదువుకున్నవాళ్లకు మాత్రమే ఓటు హక్కు ఉండాలని నా అభిప్రాయం.
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, నల్లగొండ

జవాబు: సార్, ఇదే అభిప్రాయం ఇంకా కొందరు రాశారు, అందులో ఒకాయన అదే మెసేజ్ కింద ‘ఓటు వేయకపోతే బ్యాంకు ఖాతాలోంచి 350 రూపాయలు కట్ చేస్తారట, నిజమేనా’ అని అడిగారు. పేరు పక్కన రెండు డిగ్రీలు కూడా ఉన్నాయి. ఆ 350 సంగతి ఏంటంటే, 2019లో ఒక హిందీ పత్రిక హోళీ పండక్కి నవ్వుకోవడానికి వేసిన ఉత్తుత్తి వార్త అది. నవ్వాల్సినవాళ్లు నవ్వలేదు, ఫార్వర్డ్ చేశారు. అబద్ధమని చెప్పినా వినిపించుకునేవాడు లేడు, ప్రతి ఎన్నికలకూ కొత్త పెళ్లికూతురులా ముస్తాబై వస్తుంది. నాకు దాన్ని పంపినవాళ్లలో ఉపాధి హామీ కూలీ ఒక్కరూ లేరండీ, అందరూ చదువుకున్నవాళ్లే.

మొన్న నార్కట్‌పల్లి దగ్గర టీ హోటల్ ముందు ఒక ఆటో ఆగింది. ఏడెనిమిది మంది ఆడవాళ్లు, అందరి మెడలో ఒకే రంగు కండువా. అందులో ఒక పెద్దామె కండువా తీసి, బల్ల మీద పరిచి, మీటింగ్‌లో ఇచ్చిన బిర్యానీ ప్యాకెట్‌ని అందులో పెట్టి నాలుగు కొసలు గట్టిగా ముడేసింది, ఇంట్లో మనవడికట. ‘ఎవరి మీటింగమ్మా’ అని అడిగా. ‘ఎవలదైతేంది బిడ్డా, నిన్న వాళ్లది, ఇయ్యాల వీళ్లది, కూలి కూలే’ అంది. మరి ఓటు ఎవరికి అంటే, ‘అది గా ఆటోల అడగలే, నువ్వు అడుగుతున్నవ్’ అని టీ తాగి వెళ్లిపోయింది. తన కూలి లెక్క, ఓటు లెక్క వేర్వేరు ఖాతాల్లో రాసుకున్న మనిషి. ఆమె ఓటు తీసేసి ఆ 350 రూపాయల వాళ్ల చేతిలో రాష్ట్రం పెడదామంటారా?

ప్రశ్న: అన్నా, మా వాడకట్టుకు ఎంపీ అభ్యర్థి వచ్చి మోరీ కట్టిస్తా అన్నడు. పోయిన ఎలక్షన్ల వచ్చినాయన కూడా మోరీయే కట్టిస్తా అన్నడు. దోమలు మాత్రం పోలే. ఎవర్ని నమ్మాలె?
– ఒక గృహిణి, మిర్యాలగూడ

జవాబు: చెల్లీ, నమ్మడం తర్వాత, ముందు ఆ మోరీ ఎవరిదో చూద్దాం. అది మున్సిపాలిటీది. వార్డు కౌన్సిలర్ని పట్టుకోవాల్సిన పని. ఎంపీకి నియోజకవర్గ అభివృద్ధి నిధి అని ఏడాదికి 5 కోట్లు ఉంటుంది, అదీ ఆయన జేబులోకి రాదు, ఫలానా పని చేయండని సిఫార్సు చేస్తే కలెక్టర్ ఆఫీసు మంజూరు చేయాలి. మన నల్లగొండ లోక్‌సభ కింద దేవరకొండ, నాగార్జునసాగర్, మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ, సూర్యాపేట, నల్లగొండ ఏడు అసెంబ్లీలు ఉన్నాయి. పంచితే ఒక్కోదానికి 70 లక్షల చిల్లర. అందులో మీ వాడకట్టు వంతు ఎంతో మీరే లెక్కేసుకోండి.

తమాషా ఏంటంటే, ఎంపీగా నిలబడినాయన మోరీ గురించి మాట్లాడతాడు, కౌన్సిలర్‌గా నిలబడినాయన సరిహద్దుల్లో సైన్యం గురించి మాట్లాడతాడు. ఎవరి పని వాళ్లను తప్ప అన్నీ అడుగుతాం కాబట్టి ఇద్దరికీ హాయిగా ఉంది. ఈసారి ఎంపీ అభ్యర్థి వస్తే కృష్ణా నీళ్లలో మన వాటా సంగతి ఏంటి, విజయవాడ హైవే మీద ఊళ్ల దగ్గర రోడ్డు దాటేదెట్లా అని అడగండి. వెంట వచ్చిన పిల్లగాడు వెంటనే డప్పు కొట్టమని సైగ చేస్తాడు, మీ ప్రశ్న సరైందేనని అర్థం చేసుకోండి.

ప్రశ్న: నోటాకు అందరికంటే ఎక్కువ ఓట్లు వస్తే ఎన్నిక రద్దై, పోటీ చేసినవాళ్లంతా అనర్హులు అవుతారు కదా? మా ఫ్రెండ్స్ సర్కిల్ మొత్తం నోటాకే వేద్దామని ఫిక్స్ అయ్యాం. ఇంకో డౌట్, లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి ‘ఛాలెంజ్ ఓటు’ వేయొచ్చట, ఒక బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ అట.
– ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, సొంతూరు కోదాడ

జవాబు: తమ్ముడూ, మూడు చెప్పావు, మూడూ తప్పే. నోటా 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చింది. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో నోటాకు లక్ష పడి, పక్కన ఒకాయనకు వెయ్యి పడినా ఆ వెయ్యివాడే గెలుస్తాడు, దండలు వేయించుకుంటాడు, నిన్ను ఐదేళ్లు ఏలుతాడు కూడా. మీ కోపం మిషన్‌లో నమోదవుతుంది, అంతవరకే. జాబితాలో పేరు లేకపోతే ఆధార్ కాదు కదా, ఏ కార్డు చూపించినా ఓటు లేదు. ఛాలెంజ్ అంటే వచ్చిన ఓటరు అసలు మనిషి కాదని బూత్ ఏజెంటు 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్పడం. టెండర్ ఓటు అంటే నీ ఓటు ఎవరో ముందే వేసి పోతే నీకు బ్యాలెట్ కాగితం ఇచ్చి విడిగా కవరులో పెట్టడం. 14 శాతం అనేది ఏ చట్టంలోనూ లేదు.

యాప్ వాడే ముందు షరతులన్నీ చదివే ఉద్యోగం నీది. ఎన్నికల నిబంధనల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఫార్వర్డెడ్ మెనీ టైమ్స్’ అని పైన రాసి ఉన్నదాన్నే ఎందుకు నమ్ముతావో నాకు అర్థం కాదు. జాబితాలో పేరుందో లేదో ఇప్పుడే చూసుకో, పోలింగ్ రోజు పొద్దున కాదు.

ప్రశ్న: మా అమ్మకు పైసలిచ్చి, దేవుని పటం మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నరు. ఇప్పుడు ఆమె నిద్ర పోతలేదు. వేరేవాళ్లకు వేస్తే పాపం తగులుతదా? బూత్‌ల కెమెరా ఉంటది, ఎవలకు వేసిందీ తెలిసిపోతదని కూడా బెదిరిస్తున్నరు.
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: అన్నా, అమ్మకు ముందు రెండో సంగతి చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది. కెమెరా ఉన్నా అది గదిని చూస్తుంది, అట్ట అడ్డం పెట్టిన చోట మీట నొక్కే వేలిని కాదు. పక్క పెట్టెలో ఓటు చీటీ ఏడు సెకన్లు కనిపించి లోపల పడిపోతుంది, అదీ అమ్మ ఒక్కదానికే కనిపిస్తుంది. తెలిసిపోతుందని చెప్పేవాడికి నిజంగా తెలుసుకునే దారి ఉంటే దేవుని పటం వెంట తెచ్చుకునేవాడా?

ఇక పాపం. చట్టం ప్రకారం ఓటుకు పైసలు ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ ఇద్దరూ నేరస్తులే, ఏడాది వరకు జైలు పడొచ్చు. అదే తిండి, తాగుడు రూపంలో ఇస్తే జరిమానా ఒక్కటే, బిర్యానీ దగ్గర చట్టం కూడా కొంచెం మెత్తబడింది. దేవుడి కోర్టులో ఈ కేసు నడిస్తే మాత్రం మొదటి ముద్దాయి అమ్మ కాదు, ఆయన్ని జామీను కింద పెట్టినవాడు. చెరువుగట్టు రామలింగేశ్వరుడికి ఒక కొబ్బరికాయ కొట్టి, అమ్మను తనకు నచ్చినవాళ్లకు వేయమనండి. నా మాట మీద నమ్మకం లేకపోతే రెండు కొట్టండి.

ప్రశ్న: ముక్కూమొహం తెలియని ఇండిపెండెంట్లు ఇంతమంది ఎందుకు నిలబడతారు? డిపాజిట్ పోతుందని కూడా తెలియని అజ్ఞానమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, చండూరు

జవాబు: చండూరులో ఉండి ఈ మాట అడిగావంటే ఇంట్లో పెద్దవాళ్లు నీకు 1996 సంగతి చెప్పలేదన్నమాట. ఆ ఏడాది నల్లగొండ లోక్‌సభకు 480 మంది పోటీ చేశారు. చదవడం తప్పు కాదు, 480 మందే. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు పసుపెక్కి, ఎముకలు వంకర్లు పోయి, నలభై ఏళ్లకే కర్ర పట్టిన ఊళ్లు మనవి. మర్రిగూడ వైపు వెళ్తే ఇప్పటికీ అలాంటి పెద్దవాళ్లు కనిపిస్తారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే పెట్టారు, అంత పేరొచ్చింది మనకు, నీళ్లు మాత్రం రాలేదు. అర్జీలు పెట్టారు, ధర్నాలు చేశారు, ఎవరూ పట్టించుకోలేదు. అప్పుడు జల సాధన సమితి పిలుపు మీద రైతులు, కూలీలు, ఫ్లోరైడ్ బాధితులు నామినేషన్లు వేశారు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు.

ఎన్నికల సంఘం తల పట్టుకుంది. అప్పటికి మిషన్లు లేవు, అన్ని పేర్లు పట్టే బ్యాలెట్ ఒక పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. ఇంకో ఇద్దరు తప్ప మిగతావాళ్లందరికీ డిపాజిట్ పోయింది. పోతుందని తెలిసే కట్టారు నాయనా. ఢిల్లీకి నల్లగొండ నీళ్ల సంగతి చెప్పడానికి మనిషికి ఐదొందలు ఖర్చు, అంతే. ఢిల్లీ అర్థం చేసుకున్నది ఏంటంటే, డిపాజిట్ తక్కువగా ఉందని. అదే ఏడాది దాన్ని 10 వేలకు పెంచారు, ఇండిపెండెంటును పది మంది ప్రతిపాదించాలన్నారు. ఇప్పుడది 25 వేలు. ఇప్పటి ఇండిపెండెంట్లలో ఓట్లు చీల్చడానికి నిలబెట్టినవాళ్లు ఉండొచ్చు, కాదనను. కానీ అజ్ఞానం అనే మాట మన జిల్లాలో వాడేటప్పుడు జర చూసి వాడు.

ప్రశ్న: మా నాయకుడికి ఓటమి అనేదే లేదు. జనానికి ఆయన ముఖం చాలు.
– ఒక అభిమాని, కల్వకుర్తి

జవాబు: ఈ మాట ఇంకే ఊరి నుంచి వచ్చినా ఊరుకునేవాణ్ణి. 1989లో ఎన్టీఆర్ అంతటాయన ముఖ్యమంత్రిగా ఉండి మీ కల్వకుర్తిలో నిలబడితే, మీ నాన్నల తరం ఓడించి పంపింది.

ప్రశ్న: మా నాయన కారుకు వేయబోయి రోడ్డు రోలర్‌కు వేసి వచ్చిండు. ఇప్పుడేం చేయాలె?
– ఒక కార్యకర్త, మునుగోడు

జవాబు: ఏం చేయలేరు. పార్టీవాళ్లూ ఈ గుర్తు మీద మొత్తుకుంటూనే ఉన్నారు. మీ ఊళ్లోనే 2022 ఉప ఎన్నికలో 47 మంది నిలబడ్డారు, రోడ్డు రోలర్ గుర్తు వచ్చిన ఒక అభ్యర్థికి దాన్ని తీసేసి పిల్లల నడక బండి ఇచ్చారు, ఎన్నికల సంఘం కలగజేసుకుని మళ్లీ రోలరే ఇప్పించింది. 2015 నుంచి గుర్తు పక్కన అభ్యర్థి ఫొటో కూడా పెడుతున్నారు కదా, నాయనకు ఈసారి బండ్లు కాకుండా మొహాలు చూపించండి. మొహం చూసి వేయనంటే అది వేరే సమస్య.

ప్రశ్న: అభ్యర్థులు దోసెలు పోస్తున్నారు, బట్టలు ఇస్త్రీ చేస్తున్నారు, గడ్డాలు గీస్తున్నారు. ఎందుకు?
– జడ్చర్ల నుంచి ఒకరు

జవాబు: ఓడిపోతే పనికొస్తుందని.

ప్రశ్న: నా తమ్ముడు పుణెలో బిల్డింగ్ పనికి పోయిండు. ఓటేయడానికి రమ్మని బస్సు పెడుతున్నరు, తిండి కూడా పెడతరంట. కూలి పోతది. రమ్మందామా?
– మక్తల్ దగ్గరి పల్లె నుంచి ఒక అక్క

జవాబు: రమ్మనక్కా, ఓటుతోపాటు పిల్లల్ని కూడా చూసుకుని పోతాడు. ఓటర్లను బండ్లు పెట్టి ఉచితంగా బూత్‌కు చేర్చడం ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1951 నుంచీ తప్పే, కాబట్టి పోలింగ్ నాడు ఇంటి నుంచి బూత్ దాకా మాత్రం నడిచి పొమ్మను. పోలింగ్ రోజు కూలీలకు కూడా కూలి కోయకుండా సెలవు ఇవ్వాలని అదే చట్టంలో ఉంది, పుణె మేస్త్రీకి ఆ ముక్క చెప్పి చూడమను, ఇస్తే నాకు రాయండి, ఇక్కడ అచ్చు వేస్తా. ఒక్క పని చేయించు. బస్సు దిగగానే కండువా వేయడానికి వచ్చినాయన్ని, ‘సారూ, ఓటేసినాక మమ్మల్ని మళ్లీ పుణెకే ఎందుకు పంపుతున్నరు, ఇక్కడ పనెందుకు లేదు’ అని అందరి ముందూ అడగమను. నాకు వచ్చిన ప్రశ్నలన్నింటిలో ఇదే పెద్దది, నువ్వు అడిగీ అడగనట్టు అడిగావు.

ప్రశ్న: మా ఊళ్లో సర్పంచ్ పదవి వేలం పెట్టిండ్రు. ఎక్కువ పాడినాయన గుడికి పైసలిస్తడు, ఊరంతా ఏకగ్రీవం. ఎలక్షన్ ఖర్చు లేదు, కొట్లాట లేదు. ఇందులో తప్పేముంది?
– ఒక యువకుడు, అచ్చంపేట మండలం

జవాబు: వేలం చెల్లదు, ఎన్నికల సంఘం కేసులు పెడతామని చెప్తూనే ఉంటుంది, అది మీకు తెలిసే ‘ఏకగ్రీవం’ అని పేరు పెట్టుకున్నారు. గుడికిచ్చిన పైసలు ఆయన ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడన్నది చిన్నపిల్లలు కూడా చెప్పే లెక్క, దాని జోలికి పోను. కానీ పాడినాయనకు ఒక మాట చేరవేయండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మన దగ్గర పంచాయతీ చెక్కు మీద సర్పంచ్ ఒక్కడి సంతకం చాలదు, ఉపసర్పంచ్ సంతకం కూడా ఉండాలి. ఆ ఉపసర్పంచ్‌ని ఎన్నుకునేది వార్డు మెంబర్లు. అంటే ఆయన సగం పదవే కొన్నాడు, మిగతా సగానికి ఇంకో పాట పాడాలి, ఆ పాట గుడి దగ్గర ఉండదు.