మెటల్ ఫోమ్ సిమ్యులేషన్: లెక్కకూ ప్రయోగానికీ పొంతన కుదరనప్పుడు

ప్రశ్న: నేను థర్మల్ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్. చదువుతున్నాను. 10 పీపీఐ (అంగుళానికి 10 రంధ్రాలు) అల్యూమినియం ఫోమ్‌తో, అంటే స్పాంజిలా రంధ్రాలతో నిండిన లోహంతో చేసిన హీట్ సింక్‌ను (వేడిని గాలికి వదిలే భాగాన్ని) ఫ్లూయెంట్ అనే ప్రవాహ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో పోరస్ జోన్‌గా (పోగులను విడిగా చూపకుండా, ప్రవాహాన్ని నిరోధించే ఒకే ముద్దగా) తీసుకుని గాలి ప్రవాహాన్ని సిమ్యులేట్ చేస్తున్నాను. పోరోసిటీ (మొత్తం ఘనపరిమాణంలో ఖాళీ వాటా) 0.92. సెకనుకు 3 మీటర్ల వేగం వద్ద పీడన తగ్గుదల ప్రయోగ విలువలో 60 శాతం కూడా రావడం లేదు. అడుగు పలక ఉష్ణోగ్రత కూడా కొలిచినదానికంటే బాగా తక్కువగా వస్తోంది. ఫోమ్‌లోని ప్రతి లోహపు పోగుకూ మెష్ (లెక్కకు వాడే చిన్న గడుల వల) వేయక తప్పదా?

జవాబు: అంత దూరం వెళ్లే ముందు ఫోమ్ నిరోధానికి మీరు ఇచ్చిన గుణకాలను పరిశీలించండి. రంధ్రాల పదార్థంలో పీడన తగ్గుదలకు డార్సీ 1856లో చెప్పిన స్నిగ్ధతా (జిగట వల్ల వచ్చే నిరోధపు) పదానికి ఫోర్క్‌హైమర్ 1901లో వేగపు వర్గంతో పెరిగే జడత్వ పదాన్ని చేర్చారు. పరిశోధన పత్రాలు ఈ రెండో పదాన్ని సాధారణంగా సాంద్రత, గుణకం, వేగపు వర్గాల లబ్ధంగా రాస్తాయి. ఫ్లూయెంట్ మాత్రం ఆ లబ్ధాన్ని అర (1/2)తో కూడా గుణిస్తుంది. కాబట్టి పత్రంలోని గుణకాన్ని రెట్టింపు చేయకుండా ఇస్తే జడత్వ నిరోధం సగానికి పడిపోతుంది. 10 పీపీఐ ఫోమ్ పారగమ్యత (ప్రవాహాన్ని ఎంత సులువుగా పోనిస్తుందన్న కొలత) సుమారు పది మిలియన్ల వంతు చదరపు మీటరు. మీ వేగం వద్ద నిరోధంలో అధిక భాగం జడత్వానిదే కనుక మీకు కనిపిస్తున్న లోటుకు నా మొదటి అనుమానం దీనిమీదే. ఓపెన్‌ఫోమ్ అనే మరో సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లోని డార్సీ-ఫోర్క్‌హైమర్ నమూనాలోనూ ఇదే అర ఉంది.

ఉష్ణోగ్రత సంగతి వేరు. సాఫ్ట్‌వేర్ తనంతట తాను లోహపు వాహకతను ఘనపరిమాణపు వాటాతో గుణిస్తుంది: మిశ్రమలోహపు వాహకత 200 అనుకుంటే, 8 శాతం లోహానికి మీటరు-కెల్విన్‌కు 16 వాట్లు. ఇది పోగులన్నీ వేడి ప్రవహించే దిశలోనే తిన్నగా నిలబడి ఉన్నట్టు వేసిన లెక్క. అవి అన్ని దిశలకూ చెదిరి ఉంటాయి గనుక అందులో మూడో వంతు, అంటే సుమారు 5 వాట్లు, వాస్తవానికి చాలా దగ్గర. ఘనపదార్థపు వాహకతను ఆ మేరకు తగ్గించి ఇవ్వండి. పైగా డిఫాల్ట్ అమరిక లోహానికీ గాలికీ ఒక చోట ఒకటే ఉష్ణోగ్రత అనుకుంటుంది. వేడి పలక దగ్గర అది నిలవదు. రెండింటికీ వేర్వేరు ఉష్ణోగ్రతలు లెక్కించే నాన్-ఈక్విలిబ్రియమ్ నమూనాకు మారితే వాటి మధ్య ఉష్ణ బదిలీ గుణకం, ఘనపరిమాణానికి ఎంత ఉపరితలం ఉందన్నది కూడా ఇవ్వాలి. 2000లో కాల్మిడి, మహాజన్ ప్రచురించిన, పోగులను సన్నని స్తూపాలుగా భావించే సంబంధం ఇందుకు బాగా వాడుకలో ఉంది. ఫోమ్‌ను పలకకు జిగురుతో అతికించారా, బ్రేజింగ్ చేశారా (కరిగిన లోహంతో అతికారా) అన్నది కూడా చూడండి. జిగురు పొర అడ్డగించే వేడి మీ నమూనాలో ఎక్కడా లేకపోవచ్చు.

పోగుల స్థాయి సిమ్యులేషన్ అవసరమయ్యేది ఈ గుణకాలే తెలియనప్పుడు. కెల్విన్ 1887లో ప్రతిపాదించిన 14 ముఖాల గడిని కొన్నింటిని పేర్చి ఆవర్తన సరిహద్దులతో (అదే అమరిక అన్ని వైపులా పునరావృతమవుతున్నట్టు) లెక్కించవచ్చు. అయితే అసలు ఫోమ్ గడులు తరచూ ఒక దిశలో సాగి ఉంటాయి కనుక ఎక్స్-రే టోమోగ్రఫీ (లోపలి ఆకారాన్ని చూపే త్రిమితీయ స్కాన్) చిత్రం నుంచి తీసిన ఆకారమే నమ్మదగినది. మీ దగ్గర ప్రయోగ సామగ్రి ఉండనే ఉంది కాబట్టి ఆ శ్రమ కూడా అక్కర్లేదనిపిస్తోంది. అయిదారు వేగాల వద్ద పీడన తగ్గుదలను కొలిచి, దాన్ని ఫోమ్ పొడవుతోనూ వేగంతోనూ భాగించి, వేగానికి ఎదురుగా గ్రాఫ్ గీయండి. సరళరేఖ వస్తే దాని అంతరఖండం (సున్నా వేగం వద్ద రేఖ విలువ) స్నిగ్ధతను పారగమ్యతతో భాగించిన విలువ, వాలు సాంద్రతను జడత్వ గుణకంతో గుణించిన విలువ. సాఫ్ట్‌వేర్‌లో వేసేటప్పుడు ఆ రెండో గుణకాన్ని రెట్టింపు చేయండి.