ఇల్లు మారే ముందు మనవడి ఆట సంగతి చూసుకో

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. మనవడు తొమ్మిదో క్లాసు పూర్తి చేస్తున్నాడనీ, స్కూల్ తరఫున టెన్నిస్ ఆడుతున్నాడనీ విని చాలా సంతోషమైంది. కానీ "ఇంకా మంచి కోచ్ ఉన్న స్కూల్ దగ్గర ఇల్లు చూస్తున్నాం మామయ్యా" అని నువ్వన్న మాటే నన్ను ఈ ఉత్తరం రాయడానికి కూర్చోబెట్టింది. టెక్సస్‌లో ఆ కారణంతో ఇల్లు మారితే వాడు ఒక ఏడాది వార్సిటీ, అంటే స్కూల్ ప్రధాన జట్టులో, ఆడలేకపోవచ్చు. మీరిద్దరూ లీజు మీద సంతకం పెట్టకముందే ఇదంతా తెలుసుకోవాలి.

ఇక్కడ ప్రభుత్వ హైస్కూళ్ల ఆటలు నడిపేది యూనివర్సిటీ ఇంటర్‌స్కొలాస్టిక్ లీగ్. అందరూ యూఐఎల్ అంటారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ 1910లో దీన్ని మొదలుపెట్టింది. డిబేట్, స్పెల్లింగ్, నాటకం, మార్చింగ్ బ్యాండ్ పోటీలు కూడా దీని కిందే జరుగుతాయి. దేశం మొత్తానికి ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ అనే సమాఖ్య ఉంది. అది ఆటల నియమాలు రాస్తుందే తప్ప ఏ పిల్లవాడు ఆడొచ్చు, ఎవరు ఆడకూడదు అని తేల్చదు. అది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చూసుకుంటుంది. అమెరికన్ ఫుట్‌బాల్‌కైతే టెక్సస్ ఆ సమాఖ్య నియమాలు కూడా తీసుకోదు, కాలేజీ నియమాలతో ఆడిస్తుంది. అందుకే న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు వాట్సాప్‌లో చెప్పేది విని ఇక్కడ నిర్ణయాలు తీసుకోవద్దు.

పిల్లల సంఖ్యను బట్టి స్కూళ్లను 1ఏ నుంచి 6ఏ వరకు విడగొడతారు, పెద్ద స్కూళ్లన్నీ 6ఏలో ఉంటాయి. రెండేళ్లకోసారి ఈ లెక్క మళ్లీ వేసి, దగ్గర దగ్గర స్కూళ్లను కలిపి పోటీల డిస్ట్రిక్టులు చేస్తారు. మీరు పన్ను కట్టే ఐఎస్‌డీ, అంటే మీ ఊరి స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్, వేరు, ఇది వేరు. చాలా టీమ్ ఆటల్లో ఈ డిస్ట్రిక్టులో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి.

నువ్వు జాగ్రత్తగా చూడాల్సింది ఈ డిస్ట్రిక్టునే. దాని సభ్య స్కూళ్ల సూపరింటెండెంట్లు, లేదా వాళ్లు పంపినవాళ్లు, డిస్ట్రిక్ట్ ఎగ్జిక్యూటివ్ కమిటీగా కూర్చుంటారు. ఒక స్కూల్లో ఆడిన పిల్లవాడు ఇంకో స్కూల్‌కి మారితే ప్రీవియస్ అథ్లెటిక్ పార్టిసిపేషన్ ఫారం నింపాలి. పాత స్కూల్ తన మాట రాస్తుంది, కొత్త స్కూల్ తన మాట రాస్తుంది, మీరు సంతకం పెడతారు. మారింది ఆట కోసమే అని కమిటీకి అనిపిస్తే కనీసం ఏడాది వార్సిటీ ఉండదు. అంటే మీ వాడి సంగతి తేల్చేవాళ్లలో రేపు వాడితో పోటీపడే స్కూళ్ల వాళ్లూ ఉంటారన్నమాట. నాకు ఇది సరైన పద్ధతే అనిపిస్తుంది. లేకపోతే బాగా ఆడే పిల్లలందరినీ డబ్బున్న స్కూళ్లు లాగేసుకుంటాయి. కమిటీ నిర్ణయం మీద రాష్ట్ర కమిటీకి అప్పీల్ చేసుకోవచ్చు, కానీ సీజన్ మీ కోసం ఆగదు.

కాబట్టి మారితే ఉద్యోగం కోసమో, ఇంకేదైనా నిజమైన అవసరం కోసమో మారండి. మారాక ఆ ఇంట్లోనే అందరూ ఉండండి. పాత ఇల్లు అలాగే ఉంచుకుని, ఇంకోచోట అపార్ట్‌మెంట్ అడ్రస్ చూపించే పని చేయొద్దు. మనవాళ్లలో కొందరు దీన్ని చిన్న విషయంగా తీసుకుంటారు. తెలిసిపోయిన రోజు బెంచీ మీద కూర్చోవలసింది మాత్రం పిల్లవాడు. కొత్త కోచ్‌తో ముందుగా మాట్లాడుకోవడం కూడా వద్దు. కోచ్ పిల్లల్ని పిలవడం నియమాలకు విరుద్ధం, పైగా ఆ మాటలే ఫారంలో మీకు అడ్డొస్తాయి.

ఇక చదువు. "నో పాస్, నో ప్లే" అని 1984 నుంచి ఇక్కడ చట్టమే ఉంది. గ్రేడింగ్ పీరియడ్ చివర ఏ సబ్జెక్టులోనైనా 70 కంటే తక్కువ వస్తే పోటీలకు వెళ్లనివ్వరు. మూడు వారాల తర్వాత మళ్లీ చూసి, అన్నిట్లో పాసవుతుంటే తిరిగి తీసుకుంటారు. ఈలోగా ప్రాక్టీస్‌కి వెళ్లొచ్చు. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపు ఉంటుంది. ఏ కోర్సులకు ఉందో కౌన్సెలర్‌ని అడుగు, ఎందుకంటే మన పిల్లలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి క్లాసులు ఎక్కువగా నెత్తిన వేసుకుంటారు.

స్కూల్ టైమ్ బయట ఒక ఆటకు వారానికి ఎనిమిది గంటలకు మించి ప్రాక్టీస్ పెట్టకూడదు. ప్రైవేట్ క్లబ్ గంటలు ఇందులో కలవవు, కాబట్టి వాడి నిద్ర సంగతి మీరే చూసుకోవాలి. ఫిజికల్ ఫారం డాక్టర్ చేత నింపించేటప్పుడు ఈసీజీ గురించి కూడా అడుగు. తల్లిదండ్రులు కోరితే చేయించుకునే వీలు ఉందని స్కూళ్లు చెప్పాలని 2019లో చట్టం వచ్చింది. తలకు దెబ్బ తగిలితే డాక్టర్ రాసిచ్చేదాకా వాణ్ణి కోర్టులోకి దిగనివ్వకు, ఎంత బతిమాలినా సరే.

ఇంకో మాట. సంక్రాంతి టోర్నమెంట్లలో గెలిచినవాళ్లకు డబ్బు కవర్లు ఇస్తుంటారు కదా. టెన్నిస్‌లో గెలిచి అలా డబ్బు తీసుకుంటే అమెచ్యూర్ నియమం తప్పినట్టే. షీల్డ్ తీసుకుని, కవర్ వెనక్కి ఇచ్చేయమను.

ఇల్లు ఖాయం చేసే ముందు ఇప్పటి స్కూల్ అథ్లెటిక్ కోఆర్డినేటర్‌కి ఈమెయిల్ పెట్టు. ఎందుకు మారుతున్నారో ఉన్నదున్నట్టు రాయి. జవాబు కూడా రాతలోనే తీసుకో. అల్లుడుగారికి ఈ ఉత్తరం చూపించు, ఫారం మీద సంతకం ఆయనదీ కావచ్చు. ఆ జవాబు వచ్చాక నాకు ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చదువుదాం.

మీ మామయ్య