తల, మెడ క్యాన్సర్ వైద్యానికి ఏ పీజీ మేలు?

ప్రశ్న: మా అమ్మాయి హౌస్ సర్జన్సీ చేస్తోంది. తల, మెడ క్యాన్సర్లకు చికిత్స చేయాలన్నది ఆమె కోరిక. పీజీలో ఏ బ్రాంచి తీసుకోవాలి? – ఒక తండ్రి, విజయనగరం

జవాబు: నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ బారిన పడిన స్త్రీలు మీ ఉత్తరాంధ్రలో ఎందరో ఉన్నారు కనుక, మీ అమ్మాయి ఎంచుకున్న రంగం అవసరమేమిటో మీకు వేరుగా చెప్పనక్కర్లేదు.

ఈ చికిత్సను ఏ ఒక్క వైద్యుడూ ఒంటరిగా నిర్ణయించరు. సర్జన్, రేడియేషన్ ఇచ్చే రేడియేషన్ ఆంకాలజిస్టు, మందులతో చికిత్స చేసే మెడికల్ ఆంకాలజిస్టు ట్యూమర్ బోర్డులో కూర్చుని, రోగి స్కాన్లు, బయాప్సీ ఫలితం చూసి తేలుస్తారు. నోటి క్యాన్సర్‌కు సాధారణంగా మొదట ఆపరేషన్ చేస్తారు. తొలిదశలో మెడలో గడ్డలేవీ తగలకపోయినా అక్కడి లింఫు గ్రంథులను అప్పుడే తీసేసిన రోగుల్లో మూడేళ్ల తర్వాత 80 శాతం మంది, గడ్డ కనిపించాకే తీసిన వారిలో 67.5 శాతం మంది జీవించి ఉన్నారని ముంబై టాటా మెమోరియల్ వైద్యులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో తేలింది. దవడ ఎముక తీయాల్సి వస్తే, కాలి నుంచి ఫిబులా ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి, మైక్రోస్కోపు కింద ఆ నాళాలను మెడలోని నాళాలకు కలిపి కొత్త దవడను అమరుస్తారు. స్వరపేటిక క్యాన్సర్‌లో మాత్రం, వీలైన చోట గొంతును కాపాడేందుకు ఆరేడు వారాల రేడియేషన్‌ను, అవసరాన్ని బట్టి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందుతో కలిపి ఇస్తారు.

సర్జన్ కావాలంటే మూడేళ్ల ఎంఎస్ తర్వాత, సూపర్ స్పెషాలిటీ ప్రవేశ పరీక్ష నీట్ ఎస్ఎస్ రాసి, సర్జరీలో సూపర్ స్పెషాలిటీ డిగ్రీ అయిన మూడేళ్ల ఎంసీహెచ్ చేయాలి. దీనికి ఈఎన్‌టీ, జనరల్ సర్జరీ రెండూ దారులే. స్వరపేటికను ఎండోస్కోపుతో చూడడం మొదటి ఏడాది నుంచే అలవడుతుంది కాబట్టి నేను ఈఎన్‌టీ వైపే మొగ్గుతాను. అయితే ర్యాంకుకు జనరల్ సర్జరీ వస్తే వదులుకోవద్దు. ఆరేళ్లు ఎక్కువనిపించవచ్చు, కానీ మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని పక్కన, ముఖ నాడుల నడుమ కత్తి పట్టే చేతికి ఆ శిక్షణ తప్పదు. ఎండీ రేడియేషన్ ఆంకాలజీ మూడేళ్లలో ముగుస్తుంది, ఆ తర్వాత మరో సూపర్ స్పెషాలిటీ తప్పనిసరి కాదు.

విశాఖలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. కాలేజీ ద్వారా అనుమతి అడిగి, కొన్ని రోజులు ఆపరేషన్ థియేటర్‌లోనూ, రేడియేషన్ ఓపీలోనూ, మింగడం, మాట్లాడడం తిరిగి నేర్పే స్పీచ్ థెరపిస్టుల దగ్గరా గమనించి, ఆ తర్వాతే నీట్ పీజీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టమనండి.