చెక్కు నాన్నది, మిత్తి మీది

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. పత్తి అమ్మితే జిన్నింగు మిల్లు వాళ్లు నాన్న పేరున 1,80,000 రూపాయలకు అకౌంట్ పేయీ చెక్కు ఇచ్చారు. నాన్న ఖాతా మూడేళ్లుగా నడవడం లేదు. అందుకని చెక్కు వెనక సంతకం చేసి నాకిచ్చారు. నా బ్యాంకు తీసుకోలేదు. ఈలోపు అమ్మ ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల మిత్తికి లక్ష తెచ్చాను. పూచీగా నా ఖాళీ చెక్కు ఇచ్చాను. కమీషన్ మీద నాన్న చెక్కు మార్చిపెడతానని ఒకాయన అంటున్నారు. ఇవ్వమంటారా?

జవాబు: వద్దు. అకౌంట్ పేయీ అని ఉన్నాక వెనక ఎవరు సంతకం పెట్టినా డబ్బు నాన్నగారి ఖాతాలోనే పడాలి. రిజర్వు బ్యాంకు నిబంధన అది. బ్యాంకే చేయలేని పని ఆ కమీషన్ ఆయన ఎలా చేస్తాడో అడిగారా? నాన్నగారిని ఆధార్, పాన్‌తో బ్యాంకుకు తీసుకెళ్లి కేవైసీ ఇప్పించండి. ఆగిపోయిన ఖాతాను మళ్లీ నడిపించడానికి చార్జీ తీసుకోకూడదు. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలలే గడువు, చూసుకోండి. తర్వాత నాన్నగారు ఆ డబ్బు మీకు పంపినా, తండ్రి ఇచ్చిన డబ్బుకు మీకు పన్ను పడదు.

నాకు ఒళ్లు మండింది అప్పు సంగతికి. మూడు రూపాయల మిత్తి అంటే లక్షకు నెలకు 3,000, ఏడాదికి 36,000. దానికి తోడు ఖాళీ చెక్కా! అంకె ఎంత వేసుకుంటారో వాళ్లిష్టం, బౌన్సయితే కేసు మీ మీద. మిల్లు డబ్బు పడిన రోజే అప్పు తీర్చండి. ఖాళీ చెక్కు, ప్రామిసరీ నోటు రాసి ఉంటే అదీ, అక్కడికక్కడే వెనక్కి తీసుకోండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో కుదువ పెట్టినా ఇంత మిత్తి పడేది కాదు.

అసలు లోటు ఇంట్లో ఆపద సొమ్ము లేకపోవడం. జీతం వచ్చేవాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాం. పత్తి ఇంటికి ఆ లెక్క సరిపోదు. జూన్‌లో గింజ పెడితే ఏరేది అక్టోబరు తర్వాతే, మిల్లు చెక్కు చేతికొచ్చేది ఇంకెప్పుడో. ఈ పంట డబ్బు నుంచి వచ్చే పంట డబ్బు దాకా ఇల్లు గడిచేంత ఉండాలి. ఒక్కసారిగా కాదు. అప్పు, మిత్తి తీరాక మిగిలేది 80,000 లోపే, అందులో ఈసారి 40,000 పక్కన పెట్టండి. ఎరువుల కొట్టు బాకీ ఉందంటారు, తెలుసు. మిగతాది అక్కడ కట్టి, ఇంకా ఉంటే వాయిదా అడగండి. కొట్టాయన ఒక నెల ఆగుతాడు, ఆస్పత్రి ఆగదు. ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలు, అమ్మ ఆపరేషన్ అందులో వస్తుందేమో ముందు అడగాల్సింది.

ఆ 40,000 అమ్మ పేరున వేరే ఖాతాలో వేయండి. ఏటీఎం కార్డు మాత్రం తీసుకోకండి.