పాత ఓమ్నీ ఇంజిన్ బోల్టులు, ఆటోమొబైల్ డిప్లొమా

ప్రశ్న: ఆటోమొబైల్ డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారి 1996 మోడల్ మారుతి ఓమ్నీ ఇంజిన్‌ను సెలవుల్లో మా ఊరి మెకానిక్ గారి దగ్గర ఉండి విప్పాను. కొన్ని బోల్టులు తుప్పుపట్టి విరిగాయి, కొన్నింటి మరలు అరిగిపోయాయి. బజారులో దొరికే హెచ్‌టీ (హై టెన్సైల్, అంటే ఎక్కువ బలం గల) బోల్టు ఏదైనా సరిపోతుందని ఆయన అంటున్నారు. సరైనవి ఎక్కడ దొరుకుతాయి? బోల్టుల కోసం తిరగడం మాని ఈసెట్ ప్రవేశ పరీక్షకు చదువుకోమని ఇంట్లో అంటున్నారు. ఈ పనికి ఉద్యోగాల్లో విలువ ఉంటుందా?
- ఒక విద్యార్థి, గుంటూరు జిల్లా

జవాబు: మీ మెకానిక్ గారి మాట సగం నిజం. ఆయిల్ సంపు, బ్రాకెట్లు, కవర్లు పట్టి ఉంచే బోల్టులకు సరైన కొలత, సరైన బలం ఉన్న బజారు బోల్టు చాలు. సిలిండర్ హెడ్, కనెక్టింగ్ రాడ్, మెయిన్ బేరింగ్ క్యాప్, ఫ్లైవీల్ బోల్టుల విషయంలో మాత్రం ఆ మాట వినవద్దు. వీటిని పార్ట్ నంబరు ప్రకారమే, కొత్తవే కొనాలి. కాబట్టి విప్పిన బోల్టులను ముందుగా ఈ రెండు రకాలుగా వేరుచేసి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి పెట్టుకోండి.

బజారులో కొనదగిన వాటికి వెర్నియర్‌తో వ్యాసం, పిచ్ గేజితో మరల మధ్య దూరం (పిచ్), తల కింది నుంచి కొన వరకు పొడవు కొలవండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. హార్డ్‌వేర్ దుకాణంలో 10 మిల్లీమీటర్ల బోల్టు అడిగితే సాధారణంగా 1.5 పిచ్‌ది చేతికిస్తారు. జపాన్ పద్ధతిలో తయారైన ఇంజిన్లలో అదే వ్యాసానికి ఎక్కువగా 1.25 పిచ్ వాడతారు. తేడా కంటికి ఆనదు. తప్పు బోల్టు చేత్తో రెండు మూడు చుట్లు తిరిగి ఆగిపోతుంది, అప్పుడు పానా వేసి బలవంతంగా తిప్పితే అల్యూమినియం హెడ్‌లోని మరలు చీలిపోతాయి. ఆ తరువాత హెలికాయిల్ (చెడిన మరల స్థానంలో అమర్చే తీగ చుట్ట) వేయించడం తప్ప దారి ఉండదు. ఓమ్నీ హెడ్ అల్యూమినియందే కనుక, ఏ బోల్టు అయినా చివరి వరకు చేత్తో తేలికగా దిగితేనే రెంచి పట్టండి.

తల మీది అంకెలనూ చదవండి. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల తన్యబలం, అందులో 80 శాతం దగ్గర శాశ్వతంగా సాగడం మొదలవుతుందని అర్థం, 10.9 అంటే 1000 న్యూటన్లు, 90 శాతం. పాత జపాన్ పద్ధతి బోల్టులపై 7 అనే ఒంటి అంకె కనిపిస్తే, అది చదరపు మిల్లీమీటరుకు సుమారు 70 కిలోల బలాన్ని సూచిస్తుంది, దాని స్థానంలో 8.8 వేసుకోవచ్చు. తుప్పు పట్టదని స్టెయిన్‌లెస్ బోల్టులు కొనకండి. మామూలుగా దొరికే ఏ2-70 రకం బలం 700 న్యూటన్లే, పైగా బిగించేటప్పుడు మరలు ఒకదానికొకటి పట్టేసే గుణం వాటికి ఉంది. తల మీద తయారీదారు గుర్తే లేని, కిలోల లెక్కన అమ్మే బోల్టులు గేటు బిగించడానికి బాగుంటాయి, ఇంజిన్‌కు కాదు.

ముఖ్యమైన బోల్టులకు మొదట మారుతి జెన్యూన్ పార్ట్స్ కౌంటరుకు వెళ్లండి. వాహనం పేరు చెప్పి ఊరుకోక, విడిభాగాల కేటలాగులోని నంబరు రాసుకుని వెళ్లండి, ఎందుకంటే పాత మోడల్ అనగానే లేదనడం కౌంటరులో సులువు. ఓమ్నీ తయారీ 2019 వరకు సాగింది, దాదాపు ఇదే 796 సీసీ ఇంజిన్ కుటుంబానికి చెందిన మారుతి 800 కూడా 2014 వరకు వచ్చింది; కనుక మీరు భయపడినంత కరువు ఉండదు. అక్కడ దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ మీకు దగ్గరే, సన్న పిచ్ బోల్టుల కోసం సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనూ అడగవచ్చు. పాత ఇంజిన్ల నుంచి తీసిన బోల్టులు బ్రాకెట్లకైతే పరవాలేదు, రాడ్‌కు మాత్రం వద్దు.

కనెక్టింగ్ రాడ్ బోల్టులు గట్టిగా కొట్టి అమర్చే రకమైతే, అవే రాడ్ క్యాప్‌ను సరైన స్థానంలో నిలుపుతాయి. కొత్తవి వేశాక బిగ్ ఎండ్ (రాడ్‌కు క్రాంక్‌షాఫ్ట్ వైపు ఉన్న పెద్ద కొస) రంధ్రం గుండ్రంగా ఉందో లేదో మెషిన్ షాపులో కొలిపించండి. బిగించేటప్పుడు టార్క్‌లో (తిప్పే బలంలో) సుమారు 90 శాతం రాపిడికే పోతుంది కాబట్టి, మరలకు నూనె రాయాలో పొడిగా ఉంచాలో మాన్యువల్ చెప్పినట్టే చేయండి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనె నిలిస్తే బిగించేటప్పుడు బ్లాకు పగిలే ప్రమాదం ఉంది. పాత మాన్యువళ్లలో టార్క్‌ను కిలోగ్రామ్-మీటర్లలో ఇస్తారు, న్యూటన్-మీటర్ల రెంచి వాడితే 9.81తో గుణించాలి.

ఇక మీ రెండో ప్రశ్న. పెనుకొండ కియా, శ్రీసిటీ ఇసుజు వంటి కర్మాగారాల్లో గానీ, వాటికి భాగాలు అందించే సంస్థల్లో గానీ, చెన్నైలోని సుందరం ఫాస్టెనర్స్ వంటి బోల్టుల తయారీ సంస్థల్లో గానీ నాణ్యతా విభాగాల పని చాలావరకు ఇదే తరహాలో ఉంటుంది: భాగాన్ని కొలవడం, ప్రమాణంతో పోల్చడం, టార్క్‌ను నమోదు చేయడం. అందుకే ప్రతి బోల్టు స్థానం, కొలత, తల గుర్తు, పార్ట్ నంబరు, ధర, బిగించిన టార్క్ ఒక పుస్తకంలో ఫొటోలతో రాసుకోండి. ఇంజిన్ విప్పానని ఇంటర్వ్యూలో చాలామంది చెబుతారు, ఇలాంటి పుస్తకాన్ని చూపగలిగేవారు తక్కువ. బోల్టులకు వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 1367ను ఆ పనితోపాటే చదివితే మెషిన్ డిజైన్ పాఠం కూడా సులువవుతుంది.

ఇంట్లోవారి మాటనూ తోసిపుచ్చను. ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు, అది డిప్లొమా విద్యార్థికి మంచి అవకాశం. అయితే మీరు ఇంకా రెండో సంవత్సరంలోనే ఉన్నారు, పైగా ఇవి సెలవులు. ఇంజిన్‌ను ఈ సెలవుల్లోనే పూర్తిచేసి, మూడో సంవత్సరం మొదలయ్యాక గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలకు రోజూ సమయం కేటాయించండి. బీటెక్ వద్దనుకుంటే, డిప్లొమా తరువాత ఒక సంవత్సరం టెక్నీషియన్ అప్రెంటిస్‌షిప్‌కు కేంద్ర ప్రభుత్వ నాట్స్ పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. దరఖాస్తులో నాణ్యతా విభాగంపై ఆసక్తి ఉందని స్పష్టంగా రాయండి.