అమ్మాయి సోలో షో కోసం లక్షన్నర అప్పు చేయమంటారా?

ప్రశ్న: మాది ధర్మవరం. పట్టు మగ్గం మీదే బతుకుతున్నాం. అమ్మాయి హైదరాబాద్‌లో బి.ఎఫ్.ఎ. పెయింటింగ్ ఆఖరి సంవత్సరం చదువుతోంది. మిక్స్‌డ్ మీడియా అంటూ మా ఇంట్లో పడేసిన జకార్డు అట్టలు (చీర డిజైన్ కోసం చిల్లులు పొడిచినవి), చీర అంచు ముక్కలు, పోగు చుట్టే కండెలు, నాడెలు (మగ్గంలో పోగుని అటూ ఇటూ నడిపేవి) తీసుకెళ్లి ప్లైవుడ్ మీద అంటించి రంగులు వేస్తుంది. పరీక్షలు అయిపోగానే హైదరాబాద్‌లో సొంతంగా ఎగ్జిబిషన్ పెట్టాలని పట్టుబట్టింది. హాలు అద్దె, ఫ్రేములు, బ్రోచర్ అన్నీ కలిపి లక్షన్నర అవుతుందట. ఈ మధ్య ఎవరో ఫోన్ చేసి డబ్బు కడితే ఇంటర్నేషనల్ షోలో పెట్టి మెడల్, సర్టిఫికెట్ ఇస్తామన్నారు. బంధువులేమో బి.ఎడ్. చేయించండి అంటున్నారు. అప్పు చేయమంటారా? అసలు ఈ చిరిగినవీ పాతవీ అంటించే పనికి భవిష్యత్తు ఉందా?

జవాబు: ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. చేయకండి. ఆ మెడల్ వాళ్లకి ఒక్క రూపాయి కూడా కట్టకండి. బొమ్మ బాగుందా లేదా అని చూడకుండా డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ ఇచ్చే మెడల్‌ని ఏ గ్యాలరీ వాళ్లూ లెక్కలోకి తీసుకోరు, పైగా బయోడేటాలో అలాంటివి నాలుగు కనిపిస్తే పని తెలిసినవాళ్లు వెంటనే పసిగట్టేస్తారు.

సోలో షో ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఓ మోస్తరు హాలు నిండాలంటే కనీసం పదిహేను ఇరవై పనులు, అంటే పూర్తయిన బొమ్మలు కావాలి, అవన్నీ ఒకే ఆలోచన మీద నడవాలి. మీరు పంపిన ఫొటోల్లో తొమ్మిది ఉన్నాయి. అందులో నాలుగు నిజంగా గోడ ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాయి, మిగతావి కాలేజీ అసైన్‌మెంట్లలా ఉన్నాయి, అది తప్పేం కాదు, ఆ వయసులో ఎవరికైనా అంతే. పేరు తెలియని అమ్మాయి మొదటి సోలో షోకి ఓపెనింగ్ రోజు క్లాస్‌మేట్లు, మాస్టార్లు, చుట్టాలు వస్తారు, ఫొటోలు దిగుతారు, రెండో రోజు నుంచి హాల్లో వాచ్‌మన్, మీ అమ్మాయి ఇద్దరే ఉంటారు. అమ్ముడుపోతాయేమో, పోకపోవచ్చు కూడా. అలాంటి చోట వచ్చే డబ్బుని నమ్ముకుని వడ్డీకి తేవడం మగ్గం ఇంట్లో ఎవరికీ మంచిది కాదు, ఆ టెన్షన్ పిల్ల బొమ్మల మీద కూడా పడుతుంది.

దానికి బదులు నలుగురైదుగురు క్లాస్‌మేట్లతో కలిసి గ్రూప్ షో పెట్టమనండి. అద్దె పంచుకుంటారు, ఒక్కొక్కరికీ నాలుగైదు పనులు చాలు, చూడ్డానికి వచ్చేవాళ్లు కూడా ఐదింతలవుతారు. మీ అమ్మాయి దగ్గర ఆ నాలుగు ఉన్నాయి కదా.

ఇక మీరు చివర్లో అడిగిన మాట, చిరిగినవీ పాతవీ అంటించే పని. 1912లో పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని కాన్వాస్ మీద అంటించి, చుట్టూ ఫ్రేముకి బదులు తాడు బిగించాడు. నూరేళ్లు దాటినా దాని గురించి కాలేజీల్లో ఇంకా పాఠం చెప్తూనే ఉన్నారు. అంత దూరం ఎందుకు, మన చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకి గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి దాని మీద బొమ్మలు వేస్తారు. ఏ వస్తువు మీద ఏది నిలుస్తుందో తెలుసుకుని పని చేయడం మనకి కొత్త కాదు.

మీరు పంపిన మూడో ఫొటో నేను చాలాసేపు చూశాను. జకార్డు అట్టల్ని మగ్గం మీద ఉన్న వరుసలోనే నిలువుగా పేర్చి, ఆ చిల్లుల్లోంచి జరీ పోగులు లాగి, కింద సగం నేసి ఆపేసిన బుటా అంచు కుట్టింది. ఒకచోట అట్ట మీద మీరో మీ నాన్నగారో పెన్సిల్‌తో వేసుకున్న నంబర్లు అలాగే ఉంచేసింది. దాన్ని చెరపకూడదని ఆ పిల్లకి తెలిసింది చూడండి, అందుకే ఈమెని ఈ దారిలోంచి తప్పించొద్దని అంటున్నాను. ఆ క్లాసులో రంగులు కలపడం ఎవరికైనా వస్తుంది, మగ్గం చప్పుడులో పెరిగిన పిల్లలు ఎంతమంది ఉంటారు?

కానీ అదే ఫొటోలో నాకు భయమేసిన విషయం కూడా ఉంది, ఆ ప్లైవుడ్ కుడివైపు కొద్దిగా వంగింది. మిక్స్‌డ్ మీడియాలో అసలు కష్టం ఇక్కడే. గ్యాలరీ వాళ్లు ఇలాంటి పని చూడగానే మనసులో అనుకునేది, ఇది రెండేళ్లు నిలుస్తుందా, కొన్నవాళ్లు తిరిగి తెస్తారా అని. అందుకని మీరు పెట్టదలుచుకున్న డబ్బులో ఎక్కువ భాగం ఇక్కడ పెట్టించండి. ప్లైవుడ్‌కి ముందు వైపే కాదు, వెనకా అంచులకీ కూడా ప్రైమర్ కొట్టాలి, ఒకవైపే కొడితే తేమ ఇంకోవైపు నుంచి పట్టి పలక వంగుతుంది. అట్టలు మామూలు గుజ్జు కాయితం కాబట్టి కొన్నేళ్లకి పసుపెక్కి పెళుసవుతాయి, అంటించే ముందు రెండు వైపులా యాక్రిలిక్ మీడియం (రంగు లేని యాక్రిలిక్ ద్రవం) పట్టించి ఆరనివ్వాలి. వార్తాపత్రిక ముక్కలు వాడితే అవి ఇంకా తొందరగా రంగు మారతాయి, వీలైతే ఆ పేజీని మంచి యాసిడ్ ఫ్రీ కాయితం మీద ప్రింట్ తీసి వాడమనండి. పట్టు ముక్కల్లో గంజి మిగిలి ఉంటే పురుగు పడుతుంది, ఉతికి బాగా ఆరబెట్టాకే వాడాలి. జరీ నల్లబడుతుందని మీకు నేను చెప్పక్కర్లేదు, ఆ నలుపు పనిలో భాగమని అనుకుంటే సరే, మెరుపు ఉండాలనుకుంటే గాలి తగలకుండా అద్దం ఉన్న లోతు ఫ్రేములో పెట్టాలి. నాడెలు, కండెల్లాంటి బరువైనవి ఫెవికాల్‌ని నమ్ముకుని అంటించకూడదు, పలకకి చిల్లులు చేసి వెనక నుంచి తీగతో బిగించాలి. ఆయిల్ రంగు వేసిన చోట పైన యాక్రిలిక్ వేస్తే కొన్నాళ్లకి పొరలుగా లేస్తుంది, యాక్రిలిక్ మీద ఆయిల్ వేసుకోవచ్చు.

మీ ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టొచ్చు. గుంత మగ్గం ఉన్న గదిలో తేమ ఎలా ఉంటుందో మీకు తెలుసు. అడుగు పొడవు అడుగు వెడల్పు ఉన్న చిన్న పలక మీద ఆమె వాడే వస్తువులన్నీ ఒక్కొక్క ముక్క అంటించి ఆ గదిలో వానాకాలం అంతా వేలాడదీయమనండి. ఏది ఊడింది, ఏది బూజు పట్టింది, ఏది రంగు మారింది అన్నది పుస్తకంలో రాసుకుంటే ఏ కాలేజీ చెప్పని పాఠం వస్తుంది. అసలు బొమ్మల్ని మాత్రం ఆ గదిలో పెట్టనివ్వకండి.

హైదరాబాద్ తీసుకెళ్లేటప్పుడు బబుల్ రాప్ నేరుగా బొమ్మకి చుట్టొద్దు, ఎండకి యాక్రిలిక్ మెత్తబడి ఆ బుడగల అచ్చులు దిగిపోతాయి. ముందు బటర్ పేపర్, దాని మీద రాప్, నాలుగు మూలలకీ అట్ట. వెనక వేలాడదీయడానికి రెండు డి రింగులు, గట్టి తీగ ఉండాలి. గోడకి పెట్టేటప్పుడు బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్ల కంటికి సరిపోతుంది. పక్కన లేబుల్ మీద పేరు, సంవత్సరం, కొలతలు, వాడిన వస్తువులు. మిక్స్‌డ్ మీడియా అని రెండు మాటల్లో తేల్చేయకుండా జకార్డు అట్టలు, పట్టు, జరీ, యాక్రిలిక్ అని విడివిడిగా రాయమనండి, చూసేవాళ్లు ఆగేది అక్కడే.

గ్యాలరీల విషయానికొస్తే రెండు రకాలు. కొన్ని అద్దెకిచ్చే హాళ్లు, మాదాపూర్‌లో స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, రవీంద్రభారతిలో ఉన్న ఐ.సి.సి.ఆర్. ఆర్ట్ గ్యాలరీ లాంటివి. వీటికి ముందుగా దరఖాస్తు పెట్టుకోవాలి, ఖాళీ తేదీలు, అద్దె నేరుగా అక్కడే కనుక్కోవాలి. గ్రూప్ షోకి ఇవి సరిపోతాయి. రెండో రకం, బంజారాహిల్స్‌లో కళాకృతి, జూబ్లీహిల్స్‌లో సృష్టి లాంటి ప్రైవేటు గ్యాలరీలు. వాళ్లు తమకి నచ్చిన కళాకారుల్ని ఎంచుకుంటారు, అమ్మితే కమీషన్ తీసుకుంటారు, మామూలుగా ఈ రంగంలో అది మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. అంత ఎక్కువా అని మీకు అనిపిస్తుంది, కొనేవాళ్లని తెచ్చేది వాళ్లే కాబట్టి అది న్యాయమే. బొమ్మలు చంకన పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడొద్దు. ఏడాది పాటు వాళ్ల షోలన్నీ చూసి, తన పనికి దగ్గరగా ఉన్నవి ఎక్కడ పెడుతున్నారో గమనించి, అప్పుడు ఎనిమిది పది మంచి ఫొటోలు, అరపేజీ పరిచయం మెయిల్ చేయమనండి. ఆ అరపేజీ ముందు తెలుగులో రాసుకోమనండి. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే పిల్లలందరూ అవే పెద్ద పెద్ద మాటలు రాస్తున్నారు, ఎవరు రాశారో కూడా తెలియడం లేదు.

ఎవరికి బొమ్మ ఇచ్చినా కాయితం ఉండాలి. ఏ బొమ్మలు, ధర ఎంత, కమీషన్ ఎంత, అమ్మాక ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారు, దెబ్బ తింటే ఎవరి బాధ్యత, తిరిగి పంపే ఖర్చు ఎవరిది, ఇవన్నీ రాసి సంతకాలు. మొహమాటపడితే తర్వాత బాధపడేది మనమే. ధర సైజుని బట్టి ఒకే లెక్కలో పెట్టాలి, గ్యాలరీలో ఒక రేటు చెప్పి ఇంట్లో తెలిసినవాళ్లకి సగానికి ఇస్తే ఆ గ్యాలరీ మళ్లీ పిలవదు. బొమ్మ అమ్మేసినా, రాసిస్తే తప్ప దాని కాపీరైట్ అమ్మాయి దగ్గరే ఉంటుంది, 1957 చట్టం అదే చెప్తుంది. ఎవరైనా ఆ డిజైన్ చీర మీద వేసుకుంటామని అడిగితే అది వేరే బేరం.

మీకు బెంగళూరు కూడా దగ్గరే కదా, రైలు ఉంది. అక్కడ కర్ణాటక చిత్రకళా పరిషత్ ఏటా జనవరిలో చిత్రసంతె జరుపుతుంది, రోడ్డు పొడవునా కళాకారులు కూర్చుని నేరుగా అమ్ముకుంటారు. పెద్ద పనులు అక్కడికి వద్దు, చిన్న పలకలు తీసుకెళ్తే జనం ఏది చూసి ఆగుతున్నారో ఒక్క రోజులో అర్థమవుతుంది.

బతుకుదెరువు గురించి దాచకుండా చెప్తాను. మొదటి కొన్నేళ్లు గ్యాలరీ డబ్బుతో ఇల్లు నడవదు, పక్కన ఇంకో పని ఉండాల్సిందే. మన పెద్ద కళాకారులు కూడా అలాగే నిలబడ్డారు. తోట వైకుంఠం గారు సినిమాలకి కళా దర్శకత్వం చేశారు, దానికి జాతీయ అవార్డు కూడా వచ్చింది. తెలంగాణ రాష్ట్ర చిహ్నం రూపొందించిన ఏలె లక్ష్మణ్ గారు నేత కుటుంబం నుంచి వచ్చినవారే, ఎన్నో తెలుగు పుస్తకాలకి ముఖచిత్రాలు వేశారు. మీ అమ్మాయికి టెక్స్‌టైల్ డిజైన్ పని సులువుగా దొరుకుతుంది, మగ్గం తెలిసిన డిజైనర్లు తక్కువ. హైదరాబాద్‌లో చాలా ప్రైవేటు స్కూళ్లు ఆర్ట్ టీచర్లుగా ఫైన్ ఆర్ట్స్ చదివినవాళ్లని తీసుకుంటున్నాయి, కాబట్టి బంధువులు చెప్పారని ఇప్పుడే బి.ఎడ్.కి పరిగెత్తక్కర్లేదు. అంతకన్నా ముందు సెంట్రల్ యూనివర్సిటీలో కళల విభాగమైన సరోజినీ నాయుడు స్కూల్‌లో పి.జి.కి ప్రయత్నించమనండి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ ఒకటి ఉంది, నెలకి 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు, చిత్రకళకీ వర్తిస్తుంది, నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండాలి. లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకి ఎంట్రీలు పిలిచినప్పుడు ఆ మూడో ఫొటోలో ఉన్న పని పంపమనండి, పలక మార్చాక.

లక్షన్నర వద్దు. మీ చేతిలో ఉన్నదాంట్లోంచి ఓ ముప్పై వేలు ఇవ్వగలిగితే ఇవ్వండి. ఆ నాలుగు పనులకి మంచి పలకలు, ఫ్రేములు, ఒక ఫొటోగ్రాఫర్‌తో సరైన ఫొటోలు, రవాణా, హాలు అద్దెలో తన వాటా, వీటికి ఖర్చు పెట్టి బిల్లులు దాచుకోమనండి. ఇంకోటి, అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడు ఆ అట్టలు ఏ చీర డిజైన్‌వో, ఏ ఏడాది వాడారో మీకు గుర్తున్నంత వరకూ చెప్పి రాయించండి, రేపు లేబుల్ మీదా ఆ అరపేజీలోనూ రాయాల్సింది అదే, అది మీరు తప్ప ఇంకెవరూ చెప్పలేరు.