ప్రింట్ వస్తోంది కానీ స్కానర్ కనపడటం లేదు: లినక్స్ మింట్‌లో ఏం చూడాలి?

మీ ఆల్ ఇన్ వన్ ప్రింటర్ యూఎస్‌బీ మీద ప్రింట్ ఇస్తోంది, డాక్యుమెంట్ స్కానర్ యాప్ మాత్రం స్కానర్లేవీ దొరకలేదంటోంది. "ప్రింట్ వస్తోందంటే డ్రైవర్ ఉన్నట్టే కదా" అని అడిగారు. తిరకాసు అక్కడే ఉంది. లినక్స్‌లో ప్రింటింగ్ సంగతి కప్స్ చూస్తుంది, స్కానింగ్ సంగతి సేన్ చూస్తుంది. మెషీన్ ఒకటే అయినా ఈ రెండిటికీ సంబంధం లేదు. కాబట్టి ప్రింటర్‌ని తీసేసి మళ్లీ కలిపినా ఏమీ ఒరగదు.

టెర్మినల్ తెరిచి స్కాన్‌ఇమేజ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్, క్యాపిటల్ ఎల్ పెట్టండి. ఒకసారి మామూలుగా, ఇంకోసారి ముందు సూడో (అడ్మిన్ హక్కులతో నడిపేది) చేర్చి. సూడోతో కనపడి మామూలుగా కనపడకపోతే అది పర్మిషన్ గొడవ. మీ యూజర్‌ని స్కానర్, ఎల్‌పీ గ్రూపుల్లో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. లాగౌట్ కాకుండానే "ఏం మారలేదు" అనేవాళ్లు చాలామంది.

సూడోతో కూడా రాకపోతే బ్యాకెండ్ (సేన్ వాడే స్కానర్ డ్రైవర్) లేనట్టే, లేదా ఉన్నా సేన్‌కి దొరకనట్టే. మా ఇంట్లో మెషీన్‌కి జరిగింది రెండోది. కంపెనీ ఇచ్చిన డెబ్ ఫైలు ఏ ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాల్ అయింది, అయినా స్కానర్ జాడ లేదు. సేన్_డీబగ్_డీఎల్ఎల్ అనే వేరియబుల్‌కి 5 ఇచ్చి అదే కమాండ్ నడిపితే, సేన్ ఏ ఫైలు కోసం ఎక్కడెక్కడ వెతుకుతోందో వరసగా చూపించింది. ఆ డ్రైవర్ తన లైబ్రరీలను యూఎస్ఆర్‌లోని లిబ్64 లోపల సేన్ ఫోల్డర్‌లో పెట్టింది. ఉబుంటు, మింట్ చూసేదేమో లిబ్ లోపల ఎక్స్86_64-లినక్స్-గ్నూ ఫోల్డర్‌లో ఉన్న సేన్‌లో. అక్కడి నుంచి ఇక్కడికి సింబాలిక్ లింకులు (షార్ట్‌కట్ లాంటివి) ఇచ్చాక స్కానర్ వెంటనే వచ్చేసింది. ఇలాంటి పాత ప్యాకేజీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

అయితే మీ మెషీన్ కాస్త కొత్తదై, ఎయిర్‌ప్రింట్ (డ్రైవర్ లేకుండా ప్రింట్ చేసే యాపిల్ పద్ధతి) సపోర్ట్ ఉంటే కంపెనీ డ్రైవర్ జోలికి వెళ్లకపోవడమే మేలు. ఐపీపీ-యూఎస్‌బీ, సేన్-ఎయిర్‌స్కాన్ ప్యాకేజీలు (కంపెనీ డ్రైవర్ లేకుండానే మెషీన్‌ని నడిపేవి) వేసి, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. చాలావాటికి ఇది చాలు. కానీ కంపెనీ డ్రైవర్, ఐపీపీ-యూఎస్‌బీ రెండూ ఉంటే కొట్టుకుంటాయి: ఐపీపీ-యూఎస్‌బీ పోర్టుని తన చేతిలో పెట్టుకుంటే పాత డ్రైవర్‌కి స్కానర్ అందదు. సిస్టమ్‌సీటీఎల్ కమాండ్‌తో ఆ సర్వీస్ ఆపి చూస్తే తెలిసిపోతుంది.

ఎయిర్‌ప్రింట్ లేని హెచ్‌పీ అయితే హెచ్‌పీలిప్ (హెచ్‌పీ లినక్స్ డ్రైవర్ ప్యాకేజీ) ఉండాలి, కొన్ని మోడళ్లకు హెచ్‌పీ-ప్లగిన్ కమాండ్‌తో ఇంకో ఫైలు కూడా దింపుకోవాలి.

వీటితోనూ రాకపోతే మోడల్ నంబర్, ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ చూపించే జాబితాలో దాని లైను, స్కాన్‌ఇమేజ్ రెండుసార్లూ ఏం చెప్పిందో ఇక్కడ పెట్టండి, చూద్దాం.